ఏలియన్ సిగ్నల్ వెతకాలంటే ముందు మన లొల్లి గుర్తుపట్టాలి

హన్మకొండ కుమార్‌పల్లిలో నాది టీవీ రిపేరు షాపు. దూరదర్శన్ యాంటెన్నాలు కట్టిన రోజుల నుంచి కేబుల్ డిష్‌లు, డీటీహెచ్‌లు దాటుకుని ఇప్పుడు ఎల్ఈడీ టీవీల బ్యాక్‌లైట్లు మార్చే దాకా ఇదే బతుకుదెరువు. గిరాకీ లేని మధ్యాహ్నాలు కౌంటర్ మీది కంప్యూటర్లో నక్షత్రాల వైపు నుంచి వచ్చిన రేడియో సిగ్నళ్ల బొమ్మలు చూస్తుంటాను. అది చూసినవాళ్లు మొదట అడిగేది "ఏమన్నా, దొరికిండ్రా వాళ్లు?" అని. దొరకలేదు. తర్వాత అడిగేది "దీనికి ఎంత చదవాలె, ఎంత ఖర్చయితది?" అని. ఈ రెండో ప్రశ్న అడిగేవాళ్ల కోసం రాస్తున్నాను.

చదువు అంటారా, ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలిగితే మొదలుపెట్టొచ్చు. ఖర్చు ఒక దారిలో సున్నా, ఒక దారిలో కరెంటు బిల్లు, ఇంకో దారిలో ఓపిక. డిష్ కొనాల్సిన పని లేదు. వంద మీటర్ల డిష్ ఉన్నవాళ్లు తమ డేటా మనకు ఊరికే చూపిస్తున్నారు.

ఇక్కడ ఎవరూ ఏమీ వినరు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకునే సీన్ సినిమాకు బాగుంటుంది. టెలిస్కోపు రాసేది అంకెలు, కంప్యూటర్ వాటిని బొమ్మగా గీస్తుంది, మనిషి ఆ బొమ్మను చూస్తాడు. ఆ బొమ్మల్లో కనిపించేవి దాదాపు అన్నీ మనవే: సెల్ టవర్లు, శాటిలైట్లు, రాడార్లు, ఎవరో వాడిన కరెంటు సామాను. ఎనుమాముల మార్కెట్లో తాలు మిర్చి ఏరేసినట్టు, వాలంటీర్ పని ముఖ్యంగా ఏరి పక్కన పెట్టడమే. ఏరడం చేతకాకపోతే మంచి కాయ చేతిలోకి వచ్చినా తెలియదు. అందుకే ఈ పనికి ఖగోళ శాస్త్రం చదివినవాళ్ల కంటే ఎలక్ట్రీషియన్లు, కేబుల్ కుర్రాళ్లు తొందరగా అలవాటు పడతారని నా నమ్మకం.

బొమ్మలో ఏం చూడాలి

నక్షత్రాలు, గ్యాస్ మబ్బులు, పల్సార్లు (గిరగిరా తిరుగుతూ ఠంచనుగా మెరిసే చచ్చిన నక్షత్రాలు) అన్నీ రేడియో తరంగాలు పంపుతూనే ఉంటాయి. అయితే ప్రకృతి పంపేది ఫ్రీక్వెన్సీలో బాగా పరుచుకుని ఉంటుంది. మనకు తెలిసినంతలో అన్నిటికన్నా సన్నవి మేసర్లు, అంటే లేజర్ లాగా రేడియో తరంగాలు పంపే గ్యాస్ మబ్బులు. వాటి వెడల్పు కూడా వందల హెర్ట్జ్‌లలో ఉంటుంది. ఒకటి రెండు హెర్ట్జ్ వెడల్పులో సన్నగా నిలబడి కనిపించేది ట్రాన్స్‌మీటర్ నుంచి తప్ప రాదు. కాబట్టి వెతికేది సన్న గీత కోసం.

ఆ గీత నిటారుగా ఉందా, వాలిందా అన్నది రెండో సంగతి. బొమ్మలో అడ్డంగా ఫ్రీక్వెన్సీ, నిలువునా టైం ఉంటుంది. భూమి తిరుగుతోంది కాబట్టి బయటి నుంచి వచ్చే సిగ్నల్ ఫ్రీక్వెన్సీ మెల్లగా జరుగుతుంది. 1420 మెగాహెర్ట్జ్ దగ్గర భూమి తిరగడం ఒక్కదాని వల్లే సెకనుకు 0.16 హెర్ట్జ్ దాకా జరగొచ్చు. పంపేవాళ్ల గ్రహం కూడా తిరుగుతుంది కదా, అది వేరే. కనుక బయటిదైతే గీత ఏటవాలుగా పడాలి. నిటారుగా ఉంటే అది మన టవరో, మన సామానో అని ముందే అనుమానించాలి. టవరూ టెలిస్కోపూ ఒకే భూమి మీద కలిసి తిరుగుతున్నాయి, వాటి మధ్య జరగడం ఉండదు.

మూడోదే అన్నిటికన్నా గట్టి పరీక్ష. బ్రేక్‌త్రూ లిసన్ అని ఏలియన్ సిగ్నళ్లు వెతకడానికి 2015లో మొదలైన ప్రాజెక్టు ఉంది, యూరీ మిల్నర్ డబ్బుతో నడిచింది. వాళ్లు టెలిస్కోపును ఒక నక్షత్రం వైపు ఐదు నిమిషాలు తిప్పుతారు, తర్వాత పక్కకు ఐదు నిమిషాలు, మళ్లీ నక్షత్రం వైపు, మళ్లీ పక్కకు. ఇట్లా మూడుసార్లు, మొత్తం అరగంట. సిగ్నల్ నక్షత్రానిదే అయితే అటు తిప్పినప్పుడే కనిపించాలి, పక్కకు తిప్పగానే పోవాలి. రెండింటిలోనూ ఉంటే పక్కన పెట్టేయాల్సిందే.

ఈ మూడో పరీక్ష నాకు ఎవరూ నేర్పలేదు. యాంటెన్నా రోజుల్లో టీవీలో గీతలొస్తున్నాయని పిలిస్తే మేం చేసే మొదటి పని ఇంట్లో ఒక్కొక్క స్విచ్చీ ఆపడం. మిక్సీ ఆపితే చుక్కలు పోతే మిక్సీ. ట్యూబ్‌లైట్ ఆపితే పోతే చోక్. ఏది ఆపినా పోకపోతే డాబా ఎక్కి యాంటెన్నాను పక్కకు తిప్పి చూసేవాళ్లం. వీధిలో స్కూటర్ పోయినప్పుడల్లా బొమ్మ చెదిరేది, స్పార్క్ ప్లగ్ వల్ల. అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోపు దగ్గర డీజిల్ బండ్లే తిప్పుతారని చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. డీజిల్ ఇంజన్లో స్పార్క్ ప్లగ్ ఉండదు.

ఫోనుతో మొదలుపెట్టే దారి

జూనివర్స్ అని ఒక వేదిక ఉంది. 2007లో గెలాక్సీల ఫొటోలను జనంతో విడదీయించే ప్రాజెక్టు నుంచి పుట్టింది. అందులో 2023 ఫిబ్రవరిలో లాస్ ఏంజిలిస్‌లోని యూసీఎల్ఏ వాళ్లు "ఆర్ వీ అలోన్ ఇన్ ద యూనివర్స్" అనే ప్రాజెక్టు పెట్టారు. ప్రొఫెసర్ ఝాన్ లూక్ మార్గో బృందం నడిపిస్తుంది. అమెరికాలో వెస్ట్ వర్జీనియాలో ఉన్న ఆ గ్రీన్ బ్యాంక్ డిష్‌దే డేటా. వాళ్ల సాఫ్ట్‌వేర్ ముందే చాలా చెత్తను తీసేస్తుంది. మిగిలిన వాటిలో కొన్నిటిని మనకు చూపించి, ఇది ఏ రకం సిగ్నల్ అని అడుగుతారు. మనం ఇచ్చే జవాబులతో రేపు కంప్యూటర్‌కే ఈ పని నేర్పించాలని వాళ్ల ఆలోచన.

అకౌంట్ పెట్టుకోండి, ఫ్రీ. ముందుగా వచ్చే ట్యుటోరియల్‌ను దాటేయకండి. మనవాళ్లకు ఏ యాప్ పెట్టినా "నెక్స్ట్, నెక్స్ట్" కొట్టడం అలవాటు, ఇక్కడ అది పనికిరాదు. నమూనా బొమ్మలు పక్కనే ఉంటాయి, వాటిని తెరిచి పెట్టుకునే పని చేయండి. ఫోన్లో చేయొచ్చు గానీ సన్న గీత వాలిందా నిటారుగా ఉందా అన్నది చిన్న స్క్రీన్ మీద తేలదు. కంప్యూటర్ ఉంటే దాని మీదే చేయండి. బ్రైట్‌నెస్ పెంచండి, కిటికీ వెలుగు స్క్రీన్ మీద పడకుండా కూర్చోండి. నా షాపులో మధ్యాహ్నం షట్టర్ సగం దించేది అందుకే. గిరాకీ వాళ్లు మూసేశాననుకుని పోతారు, అది వేరే బాధ.

బొమ్మలో ఏమేం తగులుతాయో చెప్తాను. ఒక్క సన్న గీత, వాలుగా, అంచు నుంచి అంచు దాకా తెగకుండా ఉంటే అది మనం వెతికే ఆకారమే. అయినా సంబరపడకండి, శాటిలైట్ కూడా వాలు గీతే గీస్తుంది. సమాన దూరంలో వరుసగా చాలా గీతలుంటే ఏదో ఒక క్లాక్ సర్క్యూట్ (ఎలక్ట్రానిక్ సామానుకు తాళం వేసే భాగం) నుంచి పుట్టిన పిల్లలు అవన్నీ. గీత నిలకడ లేకుండా వంకర్లు పోతుంటే చవక ఆసిలేటర్ (ఫ్రీక్వెన్సీ పుట్టించే భాగం), వేడెక్కినప్పుడు ఫ్రీక్వెన్సీ జారుతుంది. పాత టీవీ ట్యూనర్లలో ఛానెల్ దానంతట అది జారిపోవడం చూసినవాళ్లకు ఇది బాగా తెలుసు. ముక్కలు ముక్కలుగా ఆగి ఆగి వస్తే రాడార్ కావచ్చు. బొమ్మంతా మసకగా వెలిగిపోతే శాటిలైట్ డేటా ఛానెల్ ఏదో పక్కనే ఉందన్నమాట.

ఒకే బొమ్మను చాలామందికి చూపిస్తారు. మీరు ఒక్కరు తడబడినా కొంప మునగదు. కాబట్టి ఒక్కో బొమ్మ దగ్గర గంటలు కూర్చోవద్దు, చూసింది చూసినట్టు చెప్పి ముందుకు పోండి. ఇది ఏలియన్ అయితే బాగుండు అన్న ఆశతో మాత్రం జవాబు పెట్టకండి. కళ్లు అలిసిపోతే ఆపేయండి. అలిసిన కంటికి ప్రతి గీతా వాలుగానే కనిపిస్తుంది.

ఇంగ్లీషు రాని పెద్దవాళ్లతో చేయించాలంటే పక్కన పిల్లలు కూర్చుంటే చాలు. మా ఇంటి పక్క రిటైర్డ్ లైన్‌మన్ ఒకాయన ఇట్లాగే చూస్తారు. వాడే మాటలు పట్టుమని పది కూడా ఉండవు.

కంప్యూటర్‌ను అప్పిచ్చే దారి

ఈ మాట రాగానే కొందరికి సెటి ఎట్ హోమ్ గుర్తొస్తుంది. సెటి అంటే భూమి బయటి తెలివైన జీవుల కోసం వెతకడం. 1999 మే 17న బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ మొదలుపెట్టింది. పోర్టోరికోలోని అరెసిబో 305 మీటర్ల డిష్ డేటాను టేపుల మీద రికార్డు చేసి బర్క్‌లీకి పోస్టులో పంపేవాళ్లు. అక్కడ దాన్ని ముక్కలు చేసి ప్రపంచమంతా పంచేవాళ్లు. ఒక్కో ముక్క 107 సెకన్ల డేటా, సైజు దాదాపు 350 కేబీ. మోడెమ్ కీచుమనే డయల్‌అప్ రోజుల్లో కూడా దిగేది. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు రంగురంగుల గ్రాఫులతో స్క్రీన్‌సేవర్ నడిచేది. హన్మకొండ చౌరస్తా ఇంటర్నెట్ సెంటర్లో దాన్ని చూసి ఇదేం గేమ్ అని అడిగినవాళ్లలో నేనూ ఒకణ్ణి. యాభై లక్షల మందికి పైగా అందులో చేరారు.

ఇప్పటికీ దాన్ని ఇన్‌స్టాల్ చేయమని చెప్పే పాత వీడియోలు తిరుగుతున్నాయి. నమ్మకండి. 2020 మార్చి 31న కొత్త పని పంచడం ఆపేశారు. అదే ఏడాది డిసెంబర్ 1న అరెసిబో డిష్ కూలిపోయింది. అంతమంది కంప్యూటర్లు చేసిన పని మాత్రం వృథా పోలేదు. వచ్చిన 1200 కోట్ల గుర్తింపులను ఏరుకుంటూ పోతే, మళ్లీ ఒకసారి చూడదగ్గవి వంద మిగిలాయి. 2025లో వాటి వైపు చైనాలోని ఫాస్ట్ అనే 500 మీటర్ల టెలిస్కోపును తిప్పడం మొదలుపెట్టారు. ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది: తమ జల్లెడ సరిగా పనిచేస్తుందా అని చూసుకోవడానికి వాళ్లు డేటాలో దొంగ సిగ్నళ్లు తామే కలిపి, అవి బయటపడతాయా లేదా అని పరీక్షించుకున్నారు.

మరి ఇప్పుడు కంప్యూటర్ ఇవ్వాలనుకుంటే? సెటి ఎట్ హోమ్ కోసం తయారైన బాయింక్ అనే సాఫ్ట్‌వేర్ ఇంకా ఉంది. దాంట్లో ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ అనే ప్రాజెక్టు 2005 నుంచి నడుస్తోంది. అది వెతికేది ఏలియన్లను కాదు, పల్సార్లను, గురుత్వ తరంగాలను. ఈ సంగతి తెలిసే చేరండి. అయినా దీన్ని ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. 1967లో జోసెలిన్ బెల్ మొదటి పల్సార్‌ను పట్టుకున్నప్పుడు, టిక్కుటిక్కుమని ఠంచనుగా వచ్చే ఆ సిగ్నల్‌కు వాళ్లు సరదాగా పెట్టిన పేరు "చిన్న పచ్చ మనుషులు". రెండు వేటల దారీ చాలాదూరం ఒకటే. 2010లో అమెరికాలోని అయోవాలో ఒక జంట, జర్మనీలో ఒకాయన ఇచ్చిన కంప్యూటర్లు అరెసిబో డేటాలో కొత్త పల్సార్‌ను పట్టుకున్నాయి. వాలంటీర్ల పేర్లు పేపర్లలోకి ఎక్కాయి.

ఇన్‌స్టాల్ చేయడం పిల్లలకూ వచ్చు. సెట్టింగులే అసలు. కంప్యూటర్ వాడుతున్నప్పుడు ఆగేటట్టు, బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఆగేటట్టు టిక్ పెట్టండి. సీపీయూ వాడకం వంద శాతం ఉంటే యాభైకి తగ్గించండి. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు కాస్తుంటే పైన రేకుల గదిలో కంప్యూటర్‌ను ఫుల్ లోడు మీద పెట్టడం దాన్ని వేయించడమే. ఎండాకాలం పూర్తిగా ఆపేసినా ఎవరూ ఏమనరు. మిగతా కాలంలోనూ ముందు సైడ్ ప్యానెల్ తీసి బ్లోయర్‌తో దుమ్ము కొట్టండి, ఫ్యాన్ తిరుగుతుందో లేదో చూడండి, ప్రాసెసర్ మీద పేస్టు ఎండిపోతే మార్చండి. ఫోన్లో కూడా నడుస్తుంది, ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే పనిచేసేటట్టు పెట్టుకోవచ్చు. అయినా నేను ఎవరికీ చెప్పను. ఛార్జింగ్ వేడి మీద ఈ వేడి కూడా తోడైతే బ్యాటరీ ఉబ్బుతుంది. ఉబ్బిన ఫోన్లు బాగు చేసేది నేనే కాబట్టి నాకు లాభమే గానీ.

కరెంటు లెక్క వేసుకోండి. డెస్క్‌టాప్ ఈ పని వల్ల వంద వాట్లు ఎక్కువ తాగితే పది గంటలకు ఒక యూనిట్. రోజూ నడిపితే నెలకు 30 యూనిట్లు. గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇల్లయితే జాగ్రత్త. మీ వాడకం ఇప్పటికే 180 దగ్గరుంటే ఈ 30 కలిసి 200 దాటుతుంది, ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సి వస్తుంది. ఇంట్లో ఆడవాళ్లకు చెప్పకుండా ఈ పని మొదలుపెట్టకండి.

డేటాను చేత్తో పట్టుకునే దారి

డిగ్రీ, బీటెక్ పిల్లలకు నేను చెప్పేది ఇదే. బ్రేక్‌త్రూ లిసన్ డేటా అందరికీ తెరిచి పెట్టారు. చదవడానికి బ్లింపి, గీతలు వెతకడానికి టర్బోసెటి అనే పైథాన్ ప్యాకేజీలు ఫ్రీగా దొరుకుతాయి. అసలు ఫైళ్లు చాలా పెద్దవి, జీబీల్లో ఉంటాయి. వాటి జోలికి వెళ్లి నెట్ ప్యాక్ అయిపోగొట్టుకోకండి. నేర్చుకోవడానికి నాసా వ్యోమనౌక వాయేజర్-1 ఫైలు ఒకటి ఉంది, దాదాపు 50 ఎంబీ. దానితోనే మొదలుపెట్టాలి. ఎందుకంటే అది నిజంగా సౌర కుటుంబం అవతలి అంచుల నుంచి వచ్చిన, ట్రాన్స్‌మీటర్ పంపిన సిగ్నల్. జవాబు తెలిసిన లెక్క. మీ పద్ధతి దీన్ని పట్టుకోలేకపోతే ఇంక దేన్నీ పట్టుకోలేదు.

నాకు పైథాన్ రాదు. డిగ్రీ చదివే మా మేనకోడలు వచ్చి పెట్టింది. లాప్‌టాప్ బలం సరిపోకపోతే గూగుల్ కొలాబ్‌లో (గూగుల్ కంప్యూటర్‌ను నెట్‌లో వాడుకునే సౌకర్యం) కూడా నడుస్తుంది, ప్యాకేజీ వేసుకోవడం ఒక్క లైను. ఫైలు తెరిచి మొత్తం గీయమంటే స్క్రీన్ మీద ఏమీ లేదు, ఉత్త మసక. "మామా, ఫైల్ పాడైనట్టుంది" అంది. పాడు కాలేదు. ఆ ఫైల్లో నిలువునా ఉన్నవి 16 వరుసలే, ఒక్కో వరుస దాదాపు 18 సెకన్లు, మొత్తం ఐదు నిమిషాలకు కాస్త తక్కువ. అడ్డంగా చూస్తే పది లక్షలకు పైగా గళ్లు, ఒక్కో గడి 2.8 హెర్ట్జ్. పది లక్షల గళ్లను ఒక స్క్రీన్ వెడల్పులో కుక్కితే ఒక గడి వెడల్పున్న గీత ఎక్కడ కనిపిస్తుంది? 8419.297 మెగాహెర్ట్జ్ చుట్టూ కొన్ని వందల హెర్ట్జ్ మాత్రమే గీయమని చెప్పాలి.

అట్లా దగ్గరికి వెళ్లగానే గీత వచ్చింది. పైనుంచి కిందికి మెట్లు మెట్లుగా ఒక పక్కకు ఒరిగిపోతూ పోయింది. అది క్యారియర్, అంటే సమాచారాన్ని మోసే అసలు తరంగం. దానికి అటూ ఇటూ 22 కిలోహెర్ట్జ్ దూరంలో మసకగా ఇంకో రెండు ఉన్నాయి, అవి సైడ్‌బ్యాండ్లు, అంటే సమాచారం ఉండే పక్క గీతలు. క్యారియర్, సైడ్‌బ్యాండ్ అనేవి నాకు పాత రేడియో పుస్తకాల నుంచే తెలిసిన సంగతులు, మా మేనకోడలికి చెప్పడానికి నాకూ ఒకటి దొరికింది. తర్వాత టర్బోసెటికి ఇస్తే మూడింటినీ పట్టుకుంది. నడుమది సెకనుకు దాదాపు 0.37 హెర్ట్జ్ చొప్పున జారుతోంది, నాయిస్ కంటే బలం 245 రెట్ల దగ్గర. పక్కవి రెండూ 30 దగ్గర. వాయేజర్ ట్రాన్స్‌మీటర్ పవర్ 23 వాట్లు. నా షాపులో వెలిగే బల్బులకు అంతే ఉంటుంది. అది రెండు వేల కోట్ల కిలోమీటర్ల అవతలి నుంచి వచ్చి ఇట్లా నిలబడింది.

మీ ఫైల్లో ఈ మూడు గీతలు, ఈ అంకెలు వచ్చేదాకా వేరే నక్షత్రం ఫైలు ముట్టుకోవద్దు. వచ్చాక ఆన్ (నక్షత్రం వైపు తిప్పినప్పటివి), ఆఫ్ (పక్కకు తిప్పినప్పటివి) కలిపి ఆరు ఫైళ్ల సెట్టు ఒకటి తీసుకోండి. టర్బోసెటి వందల కొద్దీ హిట్లు, అంటే తనకు దొరికిన సన్న గీతలు, ఇస్తుంది. ఆఫ్‌లో కూడా ఉన్నవి కొట్టేయండి. జరుగుదల సున్నా ఉన్నవి కొట్టేయండి. మిగిలిన వాటి ఫ్రీక్వెన్సీ చూసి అది ఎవరి బ్యాండో వెతకండి. 1575.42 అంటే జీపీఎస్. 1616 నుంచి 1626 అంటే ఇరిడియం శాటిలైట్ ఫోన్లు. 1400 నుంచి 1427 దాకా మాత్రం హైడ్రోజన్ గీత 1420.4 కోసం ప్రపంచమంతా ఖాళీగా ఉంచిన జాగా, అందులో ఎవరూ పంపకూడదు. అక్కడ ఏదైనా కనిపిస్తే కొంచెం ఎక్కువసేపు చూడండి. హైడ్రోజన్ ఫ్రీక్వెన్సీలోనే వెతకాలని 1959లో కొకోని, మోరిసన్ అనే ఇద్దరు రాశారు. మరుసటి ఏడాదే ఫ్రాంక్ డ్రేక్ ఇదే గ్రీన్ బ్యాంక్‌లో రెండు నక్షత్రాల మీద ఆ పని చేశాడు.

దొరికిందనిపిస్తే

ఫోన్ తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టకండి. ముందు బీఎల్‌సీ-1 అనే సిగ్నల్ కథ తెలుసుకోండి. 2019లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ 64 మీటర్ల డిష్‌ను మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ వైపు తిప్పినప్పుడు 982 మెగాహెర్ట్జ్ దగ్గర సన్న గీత వచ్చింది. వాలింది. ఆన్‌లో ఉంది, ఆఫ్‌లో లేదు. నేను పైన చెప్పిన పరీక్షలన్నీ పాసైంది. దాన్ని డేటాలో మొదట చూసింది ఇంటర్న్‌గా పనిచేస్తున్న డిగ్రీ విద్యార్థి షేన్ స్మిత్. తర్వాత సోఫియా షేఖ్ బృందం మిగతా డేటా తవ్వితే అదే ఆకారంలో ఇంకా బోలెడు గీతలు వేరే ఫ్రీక్వెన్సీల్లో దొరికాయి. ఆ ఫ్రీక్వెన్సీల మధ్య లెక్క మామూలు ఎలక్ట్రానిక్ సామానుల్లో ఉండే క్లాక్‌లకు సరిపోయింది. కొన్ని ఆఫ్‌లో కూడా ఉన్నాయి. 2021లో ఇది మన లొల్లే అని ప్రకటించారు.

అదే పార్క్స్‌లో కొన్నేళ్లపాటు అంతుపట్టని మెరుపు సిగ్నళ్లు వచ్చేవి, పెరిటాన్లు అని పేరు కూడా పెట్టారు. 2015లో తేలింది: వంటగదిలో మైక్రోవేవ్ ఓవెన్ పూర్తిగా ఆగకముందే ఎవరో తలుపు లాగుతున్నారు. శాస్త్రవేత్తలను చూసి నవ్వాల్సింది ఏమీ లేదు. ఓవెన్ తలుపు తామే లాగి చూసి మరీ పట్టుకున్నారు, నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది.

ఇంక 1977 ఆగస్టు 15 నాటి "వావ్" సిగ్నల్. ఒహాయోలోని బిగ్ ఇయర్ టెలిస్కోపులో 72 సెకన్లు వచ్చింది. కంప్యూటర్ ప్రింటౌట్ మీద ఎర్ర పెన్నుతో చుట్టి పక్కన వావ్ అని రాసింది జెర్రీ ఎహ్మన్. ఆయన అప్పుడు ఆ పనిని జీతం లేకుండా వాలంటీర్‌గానే చేస్తున్నాడు. ఆ సిగ్నల్ మళ్లీ ఎన్నడూ రాలేదు, ఎన్నిసార్లు వెతికినా. మళ్లీ రానిదాన్ని తేల్చడం కష్టం. కాబట్టి మీకేదైనా దొరికితే అది మళ్లీ వస్తుందా అన్నదే మొదటి ప్రశ్న.

చేయాల్సింది ఇంతే: ఫైలు పేరు, టైం, ఫ్రీక్వెన్సీ, జరుగుదల రాసిపెట్టుకుని ఆ ప్రాజెక్టు వాళ్లకే పంపండి. వెతికే సంస్థలు 1989లోనే ఒక కట్టుబాటు రాసుకున్నాయి: ముందు వేరే టెలిస్కోపుతో నిర్ధారించుకోవాలి, తర్వాతే లోకానికి చెప్పాలి, అందరితో మాట్లాడకుండా జవాబు పంపకూడదు. చట్టం కాదు గానీ పెద్దమనుషుల మాట. మనం కూడా నిలబడాలి.

డాబా మీద పాత డిష్ ఉంటే

ఇది అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నా. కేబుల్ కాలం నాటి పన్నెండడుగుల మెష్ డిష్ ఎక్కడన్నా పడి ఉంటే దానితో ఏలియన్లను వెతికినా పెద్దగా లాభం లేదు. పాలపుంత హైడ్రోజన్‌ను మాత్రం చూడొచ్చు, అది చూస్తే పైన రాసిందంతా బుర్రకు ఎక్కుతుంది. సెటి లీగ్ అనే సంస్థ 1990ల్లో ఇట్లాంటి డిష్‌లతోనే ఇంటింటా వెతకమని జనాన్ని కూడగట్టింది. తరంగం పొడవు 21 సెంటీమీటర్లు, మెష్ కన్నం రెండు సెంటీమీటర్లు దాటకపోతే చాలు. పాత సీ-బ్యాండ్ ఎల్ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ అందుకునే డబ్బా) దీనికి పనికిరాదు, తీసేయండి. దాని జాగాలో 1420 మెగాహెర్ట్జ్‌కి కొలిచి చేసిన, తరంగాలు పట్టే డబ్బా ఫీడ్, దాని వెనకే తక్కువ నాయిస్ ఆంప్లిఫయర్, ఫిల్టర్, కింద లాప్‌టాప్‌కు ఎస్‌డీఆర్ డాంగిల్ (రేడియో సిగ్నల్‌ను కంప్యూటర్ చదివే అంకెలుగా మార్చేది). ఫిల్టర్ లేకుండా హన్మకొండలో పెడితే సెల్ టవర్లు ఆంప్లిఫయర్‌ను ముంచేస్తాయి. ములుగు వైపు ఊళ్లలో చుట్టాలుంటే అక్కడ పెట్టుకోవడం మేలు.

డిష్‌ను కదపకుండా వదిలేయండి, ఆకాశమే దాని ముందు నుంచి పోతుంది. పాలపుంత వచ్చినప్పుడు 1420.4 దగ్గర చిన్న గుట్ట లేస్తుంది, పోయాక తగ్గుతుంది. వానాకాలం మబ్బు అడ్డం కాదు, ఉరుములు వస్తే మాత్రం కేబుల్ ఊడదీయాల్సిందే. తుప్పు పట్టిన బోల్టులకు ముందురోజే నూనె పోసి పెట్టండి, విరిగితే ఆ సైజువి ఇప్పుడు దొరకవు. కేబుల్‌ను పీవీసీ పైపులోంచే కిందికి దించండి. విడిగా వేలాడితే కోతులు ఊగుతాయి.